మా మారుతి కారు, అవ్వ మరచెంబు

ఇన్నాళ్లూ ఇక్కడ పచ్చళ్ల గురించి రాశాను, పిల్లల చదువుల గురించి రాశాను, అత్తగారింటి పండుగల గురించి రాశాను. ఈసారి స్పార్క్ ప్లగ్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది కూడా ఇంటి కథే అని మీరే ఒప్పుకుంటారు.

మాకు ఒక పాత మారుతి 800 ఉంది. మామయ్య రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. గద్వాలలో మా ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్‌కు అందరం ఆ కారులోనే వెళ్లాం. తిరిగి వస్తుంటే బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటగానే బండి వణకడం మొదలుపెట్టింది. పెబ్బేరు వచ్చేసరికి ఎగిరెగిరి పడుతోంది. ఎట్లాగో వనపర్తి చేరాం. "మిస్సింగ్ వస్తోంది" అన్నారు మామయ్య. మావారు ఆ రాత్రే హైదరాబాదు డ్యూటీకి వెళ్లిపోయారు. ఆయన మళ్లీ వచ్చేది శుక్రవారం. గురువారం పొద్దున మహబూబ్‌నగర్‌లో అత్తమ్మకు కంటి ఆపరేషన్. మూడు నెలల నుంచి ఎదురుచూస్తున్న తేదీ అది. మోకాళ్ల నొప్పులతో ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు. కారు నడపడం నాకు వచ్చు. కానీ బానెట్ ఎత్తి లోపల చెయ్యి పెట్టిన పాపాన ఎప్పుడూ పోలేదు.

సోమవారం ఒక మెకానిక్ వచ్చి చూశాడు. మూడు ప్లగ్గుల్లో రెండు సులువుగానే విప్పి మార్చాడు. మూడోది కదలలేదు. పానా వేసి రెండుసార్లు గట్టిగా గుంజి, "ఇది పట్టేసిందమ్మా. జోరు చేస్తే లోపలే తెగుతది. అప్పుడు హెడ్డు విప్పాలె, వారం పడతది. ఈ ముసలి బండికి అంత ఖర్చు ఎందుకు, అమ్మేయండి" అని వెళ్లిపోయాడు. అంతకుముందు ఎప్పుడో ఎవరో దాన్ని అడ్డదిడ్డంగా, బలమంతా పెట్టి బిగించి ఉంటారు. ఎవరని అడగగలం?

ఆ మాట విన్న మామయ్య సాయంత్రందాకా మాట్లాడలేదు. ఆయన వనపర్తి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వనపర్తి సంస్థానం రాజుగారి బంగళాలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. కృష్ణదేవరావు గారి పేరు మీద దాన్ని కె.డి.ఆర్. పాలిటెక్నిక్ అంటారు. ఒకప్పుడు సంస్థానపు వైభవం చూసిన గోడల మధ్య మామూలు ఇళ్ల పిల్లలు గేర్ల బొమ్మలు గీశారు. అట్లా గీసినవాళ్లలో మామయ్య ఒకరు. ఆ తర్వాత జీవితమంతా ఆర్టీసీ డిపో గ్యారేజీలో గడిపారు. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. చేతులు వణుకుతాయి. చాయ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటారు.

రాత్రి అన్నాలయ్యాక నన్ను పిలిచి, "నా చేతులు పనికి రావు బిడ్డా. నీ చేతులియ్యి, చేద్దాం" అన్నారు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆయన నన్ను అడిగిన మొదటి సాయం అది.

మరునాడు మొదలుపెట్టే ముందు, అసలు ఆ ప్లగ్ ఏం చేస్తుందో చెప్పమన్నాను. ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఇంజన్ లోపల పెట్రోలు ఆవిరి, గాలి కలిసి నొక్కుకుపోయి ఉంటాయి. దానికి సరిగ్గా అదను చూసి నిప్పు అంటించాలి. ఆ పని ప్లగ్‌ది. మన పొయ్యికి లైటర్ ఎట్లాగో దానికి ఇది అట్లా. కాకపోతే మనం పూటకు ఒకసారి నొక్కుతాం. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్ నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ వేయాలి. మారుతి 800లో ఉన్నవే మూడు సిలిండర్లు. ఒక ప్లగ్ మొరాయిస్తే మూడో వంతు బలం పోయినట్టే. అందుకే అంత వణుకు.

ఆ రవ్వకూ ఒక చరిత్ర ఉంది. 1860లోనే లెన్వార్ అనే ఆయన పారిస్‌లో తన గ్యాస్ ఇంజన్‌కు కరెంటు రవ్వ వాడాడు. అయితే రోడ్డు మీద నమ్మకంగా పరిగెత్తే బండికి సరిపోయేంత రవ్వ రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. జర్మనీలో రాబర్ట్ బాష్ వర్క్‌షాపులో పనిచేసే హోనోల్డ్ అనే ఇంజనీరు 1902లో ఎక్కువ వోల్టేజీ ఇచ్చే మాగ్నెటోనూ దానికి తగ్గ ప్లగ్‌నూ తయారుచేశాడు. మధ్యలో లోహపు కడ్డీ, దాని చుట్టూ కరెంటు బయటకు పాకకుండా పింగాణీ, బయట మర ఉన్న ఇనుప తొడుగు. ఈరోజు మన ప్లగ్గులోనూ ఉన్నది అదే అమరిక. మన దగ్గర 1951లో బెంగళూరులో మైకో కంపెనీ పెట్టాక ప్లగ్గులు ఇక్కడే తయారయ్యాయి. స్కూటర్ ఉన్న ఏ ఇంట్లోనైనా మైకో ప్లగ్ అన్న మాట వినపడేది, గుర్తుందా?

ఇంకో సంగతి మామయ్యకు కూడా తెలియదు, నేనే చెప్పాను. కారులో మొట్టమొదటి దూరప్రయాణం చేసింది ఆడమనిషి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్ట్స్‌హైమ్‌కు బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైనే. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. రవ్వ అందించే తీగ మీద పూత అరిగిపోతే మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో మరకలు తుడిచే ద్రావకం కొని పోయించింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. ఆ బండికి పేరు తెచ్చింది ఆ ప్రయాణమే.

"పిన్నీసుతో కారు బాగు చేసిందన్నమాట" అని అత్తమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది. మన దగ్గర పిన్నీసుతో కానిది ఏముంది?

సరే, పనిలోకి వద్దాం. పదో తరగతి చదివే మా అమ్మాయి టార్చి పట్టుకుంది. మామయ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నారు. మొదట తీగలు. ప్లగ్గుల మీదికి వచ్చే మూడు తీగలు తారుమారైతే ఇంజన్ నడవదు. అందుకని ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పసుపు దారం కట్టాను, మూడోది అట్లాగే వదిలేశాను. తీగను పట్టుకుని గుంజకూడదట, టోపీ పట్టుకుని కొంచెం తిప్పి లాగాలట. తర్వాత సైకిల్ పంపుతో ప్లగ్ గుంటలో ఉన్న దుమ్మంతా ఊదేశాం. అది ఎందుకంటే, ప్లగ్ బయటకు రాగానే ఆ రంధ్రంలో ఇసుకరేణువు పడినా లోపలి గోడలు గీసుకుపోతాయి.

అప్పుడు ప్లగ్ పానా వేసి ఎడమకు తిప్పాను. కదలలేదు. రెండు చేతులూ వేశాను. కదలలేదు. బలమంతా పెట్టబోతుంటే, "ఆగు ఆగు! జోరు చేయకు బిడ్డా. అది ఇనుము, హెడ్డేమో అల్యూమినియం. గెలిచేది ఇనుమే, కానీ నష్టం మనది" అన్నారు. అల్యూమినియం మెత్తన. బలవంతంగా తిప్పితే ప్లగ్‌తో పాటు హెడ్డులోని మర కూడా ఊడి వస్తుంది. మరి ఎందుకు పట్టేస్తుంది? రెండు వేర్వేరు లోహాలు ఏళ్ల తరబడి ఒకదానినొకటి ఆనుకుని ఉండి, మధ్యలో తడి చేరితే సన్నటి తెల్లటి పొడి పుడుతుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. కదిలే సందు లేకుండా ఆ రెండూ నింపేస్తాయి.

మేం ఇద్దరం తలలు పట్టుకుని కూర్చుంటే, అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ అంది: "మరచెంబు మూత పట్టేస్తే మీ అవ్వ ఏం జేస్తుండె?"

మీలో ఎంతమంది ఇళ్లలో మరచెంబు ఉందో నాకు తెలియదు. ఇత్తడి చెంబు, మీద మర ఉన్న మూత. బస్సులూ వాటర్ బాటిళ్లూ లేని రోజుల్లో ప్రయాణానికి నీళ్లు అందులోనే. బండి కుదుపులకు చుక్క ఒలికేది కాదు. అవ్వ అంటే మామయ్య తల్లి. ఆమె మరచెంబు మా అటక మీద ఇప్పటికీ ఉంది. మూత పట్టేస్తే ఆమె ఏం చేసేదో అత్తమ్మ వరుసగా చెప్పింది. ముందు మూత అంచు చుట్టూ నూనె చుక్కలు వేసి పక్కన పెట్టేదట. తర్వాత చెక్క గరిటెతో చుట్టూ మెల్లగా తట్టేదట. అప్పటికీ రాకపోతే వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టేదట. "అప్పుడు కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పితే పాము కుబుసం విడిచినట్టు వస్తుండె. మొండిదాన్ని ఎవరైన కొడతరా, బుజ్జగిస్తరు గాని" అంది.

మామయ్య కాసేపు ఊరుకుని, "నేనూ అదే చెప్పబోతున్న" అన్నారు. మా అమ్మాయి టార్చి ఆర్పేసి మరీ నవ్వింది.

బి.ఏ. తెలుగు చదివినందుకు నాకొక మాట గుర్తొచ్చింది. మన భాషలో 'మర' అంటే యంత్రం. పిండిమర, మరమగ్గం అంటాం. 'మర' అంటేనే తిప్పి బిగించే గాడి కూడా. మరమేకు, మరచెంబు అంటాం. అంటే తెలుగువాళ్లు యంత్రానికీ మరచెంబు మూతలోని ఆ గాడికీ ఒకటే పేరు పెట్టుకున్నారు. 'మరమ్మతు' కూడా ఆ ఇంటిపేరే అనుకుంటాం కానీ కాదు. అది అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఇంటికి వచ్చిన కోడలు. వచ్చాక ఈ ఇంట్లో ఎవరికన్నా ఎక్కువ పని ఆమెదే!

హార్డ్‌వేర్ దుకాణం నుంచి తుప్పు వదిలించే స్ప్రే తెప్పించాం. దాని కథ కూడా బాగుంటుంది. డబ్ల్యూడీ-40 అనే స్ప్రేను 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో, రాకెట్ల మీద తుప్పు పట్టకుండా నీటిని తరిమేందుకు తయారుచేశారు. ఆ 40 ఏమిటంటే, నలభయ్యోసారి కుదిరిందని. ముప్పై తొమ్మిదిసార్లు కుదరలేదన్నమాట. గుండ్రటి పాకం కోసం ఎన్ని గిన్నెలు పాడుచేశామో మనకు తెలుసు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. వత్తి వెంట దీపపు నూనె పైకి ఎట్లా పాకుతుందో, ఆ పల్చటి నూనె మరల సందుల్లోకి అట్లాగే పాకుతుంది. కాకపోతే దానికి సమయం ఇవ్వాలి. ఒకసారి కొట్టి, గంటకు ఇంకోసారి కొట్టి, రాత్రంతా వదిలేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్లగ్ తెగితే? అత్తమ్మ ఆపరేషన్ తేదీ పోతే? మళ్లీ ఎన్ని నెలలో? అట్లా అనుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది.

నా పుట్టిల్లు నాగర్‌కర్నూలు దగ్గర ఒక పల్లె. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఆనకట్టలు కట్టిన చోటల్లా తెలిసిన పేరు. వానలు లేని ఏళ్లలో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపులుగా తీసుకుపోయేవాడు. నా చిన్నప్పుడు మా నాన్న కూడా అట్లా నాలుగేళ్లు కాలువ పనులకు పోయాడు. ఇంటి దగ్గర ఎకరంన్నర తరీ, ఒక బావి, ఒక డీజిల్ ఇంజన్, మేం ముగ్గురు పిల్లలం, అమ్మ. ఆ ఇంజన్‌కు సెల్ఫ్ ఉండదు, ప్లగ్గూ ఉండదు. ఒక మీట ఎత్తిపట్టి, హ్యాండిల్ వేసి, చక్రం జోరందుకునేదాకా తిప్పి, అప్పుడు మీట వదలాలి. డీజిల్‌లో గాలి పడితే పంపు దగ్గర మర వదులు చేసి, బుడగలు పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా చేత్తో కొట్టి, మళ్లీ బిగించాలి. అమ్మ చీర కాసె పోసి కట్టి ఇవన్నీ చేసేది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ వేయొద్దని మాకు చెప్పేది. ఇంజన్ ఎదురు తంతే వేలు విరుగుతుందని. ఎవరు నేర్పారో ఆమెకు? నేనెప్పుడూ అడగలేదు. నాన్న తిరిగొచ్చిన రోజు నుంచి ఆ హ్యాండిల్ నాన్నదైంది. అమ్మ మళ్లీ ఇంజన్ ముట్టలేదు. ఊళ్లో అందరూ "ఫలానాయన ఇంజన్" అనే అన్నారు. ఆ నాలుగేళ్లు పొలం తడిపింది ఎవరో ఏ పట్టాలోనూ లేదు, ఏ లెక్కలోనూ లేదు.

1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టిందని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఉండాల్సిందే. కానీ మా అమ్మలాంటి వాళ్లు మన మూడు జిల్లాల్లో ఎన్ని వేలమంది ఉన్నారో ఏ పుస్తకంలో వెతకాలి?

బుధవారం పొద్దున ఇంజన్ రెండే నిమిషాలు నడిపి ఆపాం. ఇది అవ్వగారి వేడినీళ్ల గుడ్డ అన్నమాట. ఇనుము కన్నా అల్యూమినియం వేడికి ఇంచుమించు రెండింతలు సాగుతుంది. అందుకని రంధ్రం వెంట్రుకవాసి వదులవుతుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి, అంతే. మరీ కాగితే మెత్తబడ్డ మర చిరిగిపోతుంది, మన చేతులూ కాలతాయి. పానా వేసి, దాని తల మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా వేశాను. ఎడమకు తిప్పాను. ఏమీ లేదు. కొంచెం కుడికి బిగించే వైపు తిప్పి, మళ్లీ ఎడమకు. టిక్కుమంది! గుండె ఆగినంత పనైంది, తెగిందేమోనని. "తెగలే. కదిలింది" అన్నారు మామయ్య. ఆయన కళ్లు కాదు, చెవులు పనిచేస్తున్నాయి. పావు చుట్టు వచ్చాక బిగుసుకుంది. వెనక్కి తిప్పి, నూనె కొట్టి, పది నిమిషాలు ఆగి, మళ్లీ. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు. ఇట్లా ముప్పావు గంట. చివరి చుట్లు కీచుకీచుమంటూ వచ్చి, ప్లగ్ నా చేతిలోకి వచ్చేసింది. కొన నల్లగా మసి, మర నిండా తెల్లటి పొడి. టార్చి వేసి చూస్తే హెడ్డులోని మర చెక్కుచెదరలేదు.

తీయడం ఒక ఎత్తు, పెట్టడం ఒక ఎత్తు. ఇంత కష్టం రావడానికి కారణమే ఎవరో మొదటి చుట్టు సరిగా పట్టించకుండా పానాతో బిగించడం. అందుకని మామయ్య పానా ముట్టనివ్వలేదు. పాత పెట్రోలు గొట్టం జానెడు ముక్క తీసుకుని కొత్త ప్లగ్ తలకు తొడిగించారు. దాన్ని రంధ్రంలో నిలబెట్టి ముందు ఎడమ వైపు, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పమన్నారు. ఒకచోట చిన్నగా జారి కూర్చున్నట్టు వేలికి తెలిసింది. అక్కడి నుంచి కుడికి. గాడి తప్పితే రబ్బరు గొట్టమే జారిపోతుంది గాని మర చెడదు. చివరిదాకా వేళ్లతోనే వెళ్లింది. ఆ తర్వాతే పానా. కొత్త ప్లగ్ కాబట్టి వాషర్ అణగడానికి అర చుట్టు, అంతే. "ఇంకొంచెం?" అన్నాను. "ఆ ఇంకొంచెమే కొంప ముంచింది" అన్నారు.

ఎడమకు తిప్పి, కూర్చున్నాక కుడికి తిప్పడం నాకు కొత్త కాదు. ఆవకాయ సీసా మూత రోజూ అట్లాగే పెడతాను. మీరూ అంతే, ఎప్పుడూ గమనించి ఉండరు.

దారాలు చూసుకుని తీగలు పెట్టి తాళం తిప్పితే బండి చడీచప్పుడు లేకుండా నడిచింది. మామయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత అత్తమ్మతో అన్నారు: "ఇన్నేండ్లు డిపోల ఎంతమంది పోరగాండ్లకు పని నేర్పిన్నో లెక్కలేదు. నీకు ఒక్క నట్టు విప్పుడు నేర్పలే."

అత్తమ్మ తడుముకోకుండా, "నేను నీకు పప్పు చేసుడు నేర్పిన్ననా? ఇద్దరం ఒకటే" అంది. కానీ లోపలికి వెళ్లాక కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కంట్లో మందు వేశాక నీళ్లు కారాయంది. పొద్దున వేయాల్సిన మందు ఇంకా వేయనే లేదు.

ఆ రాత్రి మా అమ్మాయికి ఎ. లలిత గారి గురించి చెప్పాను. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదో ఏట నాలుగు నెలల పాపతో వైధవ్యం. తండ్రి గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. ఆయన అండతో అక్కడే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. డిగ్రీ పట్టా మీద 'అతడు' అని అచ్చయిన చోట కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆ అవసరమే రాలేదు మరి. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది పని నేర్చుకున్నారు. తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లోనూ ఆమె చేయి ఉంది. మన దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు మన తెలుగావిడ. మా అమ్మాయి అంతా విని, "అమ్మమ్మ పేరు కూడా ఎక్కడైనా కొట్టేసి రాయాలి కదమ్మా" అంది. అందుకే ఈ వ్యాసం.

గురువారం తెల్లవారుజామున బయలుదేరాం. నేను నడిపాను. అత్తమ్మ ముందు సీట్లో, మామయ్య వెనక. ఆపరేషన్ బాగా జరిగింది. కారు దారి పొడుగునా ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఆదివారం నాగర్‌కర్నూలు వెళ్లి అమ్మను అడిగాను, ఇంజన్ ఎవరు నేర్పారని. "ఎవరు నేర్పుతరు? నాయిన చేస్తుంటే చాయ గ్లాసు పట్టుకొని నిలబడి చూసిన" అంది. మీ ఇంట్లోనూ ఇట్లాంటి వాళ్లు ఒకరు ఉండే ఉంటారు. మోటరు వైండింగో, కుట్టుమిషనో, మగ్గమో, స్టవ్వో. అడగండి. వాళ్లు ఉన్నప్పుడే అడగండి. అవ్వ మరచెంబును నేను అటక మీది నుంచి దింపి చింతపండుతో తోమి పెట్టాను. మూత ఇప్పటికీ నీళ్లు చుక్క కారనివ్వదు.